తాళం ఎంతసేపు ఆపగలదు?

మీ ఇంట్లో ఉన్న తాళంకప్పను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అలీగఢ్‌లో చేసినదైనా సరే, మరో ఊళ్లో చేసినదైనా సరే, చాలా కప్పల మీద ‘6 లీవర్లు’ అనో ‘7 లీవర్లు’ అనో ఇంగ్లీషులో ముద్ర ఉంటుంది. కొట్టువాడు ఆ అంకె చూపించే ధర చెబుతాడు. లీవర్లు పెరిగిన కొద్దీ తాళం గట్టిదని అందరి నమ్మకం. ఎందుకు గట్టిది? ఎంత గట్టిది? లెక్క వేసి చూద్దాం.

లీవరంటే కప్ప లోపల ఒకదానిమీద ఒకటి పేర్చిన పలుచని లోహపు పలక. ఒక్కొక్క పలకను ఒక స్ప్రింగు కిందికి నొక్కి ఉంచుతుంది. ఒక్కొక్క పలకలో ఒక గాడి ఉంటుంది. తాళంచెవి పళ్లు ఎత్తుపల్లాలుగా ఉండడం మీరు గమనించే ఉంటారు. ఒక్కో పన్ను ఒక్కో పలకను ఒక్కో ఎత్తుకు లేపుతుంది. గాడులన్నీ ఒకే వరుసలోకి వచ్చినప్పుడే గడియకున్న మొలక వాటిలోకి జారుతుంది, తాళం తెరుచుకుంటుంది. ఒక్క పలక తక్కువ లేచినా అడ్డే, ఎక్కువ లేచినా అడ్డే. ఎక్కువ లేచినా అడ్డుపడాలన్న ఈ మెలికను 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ తన తాళంలో పెట్టాడు.

ఒక్కో పలకకు 10 ఎత్తులు సాధ్యమనుకుందాం. (నిజం కప్పల్లో ఇన్ని ఉండవు. లెక్క తేలికగా ఉంటుందని అనుకుంటున్నాం.) ఆరు పలకలకు 10ని ఆరుసార్లు గుణించాలి. అంటే 10,00,000 రకాల తాళంచెవులు! ఒక దొంగ ఆ పది లక్షల చెవులనూ మూటకట్టుకొచ్చి, ఒక్కోదానికి 10 సెకన్ల చొప్పున రాత్రింబవళ్లు తిప్పి చూసినా అన్నీ అయ్యేసరికి 115 రోజులు దాటుతుంది. మూట మోయడం సంగతి వేరే. ఇంకొక్క లీవరు చేర్చామా, మూడేళ్లు దాటుతుంది.

ఈ లెక్కలో తప్పేమీ లేదు. ఇంగ్లండులో తాళాలు చేసేవాళ్లు ఒకప్పుడు ఇలాంటి లెక్కనే నమ్ముకుని నిశ్చింతగా ఉండేవారు.

లండన్‌లోని పికడిల్లీ వీధిలో జోసెఫ్ బ్రామా అనే ఇంజనీరుకు ఒక దుకాణం ఉండేది. 1784లో ఆయన ఒక కొత్తరకం తాళానికి పేటెంటు తీసుకున్నాడు. దాని చెవి గొట్టంలా ఉంటుంది, కొసన సన్నని కోతలుంటాయి. 18 జారుడు పలకలతో అలాంటి కప్ప ఒకటి చేయించి దుకాణం కిటికీలో పెట్టారు. దీన్ని తెరిచే పనిముట్టు చేసినవాడికి 200 గినీల బహుమానమని దానిమీదే రాయించారు. గినీ అంటే 21 షిల్లింగులు, పౌను కంటే ఒక షిల్లింగు ఎక్కువ. 1814లో బ్రామా చనిపోయాడు. కప్ప మాత్రం అలాగే కిటికీలో ఉండిపోయింది.

రెండో ప్రసిద్ధ తాళం చబ్‌ది. 1817లో పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో దొంగతనం జరిగింది. మారుతాళాలకు లొంగని తాళం చేసినవారికి బహుమతి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడాదే జెరెమయా చబ్ ‘దొంగను పట్టిచ్చే తాళం’ చేశాడు. ఏ లీవరైనా అవసరానికి మించి లేస్తే లోపలి స్ప్రింగు ఒకటి దాన్ని పట్టేసుకుంటుంది. తర్వాత అసలు చెవి పెట్టినా వెంటనే తెరుచుకోదు. తన తాళం మీద ఎవరో చెయ్యి వేశారని సొంతదారుకు అలా తెలిసిపోతుంది. పోర్ట్స్‌మత్ రేవులోని ఖైదీల ఓడలో తాళాల పని తెలిసినవాడొకడు ఉండేవాడు. తెరిస్తే క్షమాభిక్షతోపాటు 100 పౌన్లు కూడా ఇస్తామన్నారు. పాపం, అతను నెలల తరబడి కుస్తీపట్టి చేతులెత్తేశాడు.

1851లో లండన్ హైడ్ పార్కులో కట్టిన గాజుసౌధంలో ప్రపంచ దేశాల వస్తువులతో గొప్ప ప్రదర్శన జరిగింది. న్యూయార్కు కంపెనీ ఒకటి చేసిన తాళాన్ని చూపించడానికి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్ అక్కడికి వచ్చాడు. తన సరుకు గొప్పని చెప్పుకోవడానికి ఎదుటివాడి తాళం తెరిచి చూపించడంకంటే మంచి ప్రచారం ఏముంటుంది? జులై 22న వెస్ట్‌మినిస్టర్‌లోని ఒక ఇంట్లో, సాక్షుల ముందు, ఇనపగది తలుపుకున్న చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. మరో 7 నిమిషాల్లో మళ్లీ మూసేశాడు. దొంగను పట్టిచ్చే స్ప్రింగు నోరు మెదపలేదు!

ఆ తర్వాత బ్రామా కప్ప. ఈసారి అంత తేలిగ్గా లొంగలేదు. 16 రోజులలో మొత్తం 51 గంటలు పనిచేస్తేగాని అది తెరుచుకోలేదు. అన్ని రోజులు పనిముట్లు బిగించిపెట్టుకుని తెరవడం నిజమైన పరీక్ష కాదని కంపెనీ వాదించింది. మధ్యవర్తులు మాత్రం 200 గినీలు ఇవ్వాల్సిందేనన్నారు. ఆ కప్పను ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో భద్రపరిచారు.

మరి పది లక్షల లెక్క ఏమైంది?

ఆ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. పలకలన్నీ సరైన ఎత్తుకు వచ్చేదాకా తాళం లోపలి గుట్టేదీ బయటపెట్టకూడదు. కాని పెడుతుంది. గడియను కొద్దిపాటి బలంతో తిప్పి పట్టుకున్నామనుకోండి. మొలక వెళ్లి ఆరు పలకలనూ ఒకేసారి నొక్కాలి. పలకలన్నీ అచ్చంగా ఒకే కొలతలో ఉంటేనే అలా జరుగుతుంది. ఏ కర్మాగారమూ రెండు వస్తువులను అచ్చంగా ఒకే కొలతకు చేయలేదు, వెంట్రుకవాసి తేడా అయినా మిగులుతుంది. అందువల్ల ఏదో ఒక పలక ముందుగా మొలకకు తగిలి బిగుసుకుంటుంది. మిగతావి వదులుగా ఆడుతుంటాయి. సన్నని కమ్మీతో తడిమితే ఆ తేడా వేలికి తెలుస్తుంది. బిగుసుకున్నదాన్ని మెల్లగా లేపితే గాడి ఎదురుకాగానే మొలక రవ్వంత ముందుకు జరుగుతుంది. ఆ పలక అక్కడే నిలిచిపోతుంది. ఇప్పుడు ఇంకో పలక బిగుసుకుంటుంది.

ఒక్కో పలకకు 10 ప్రయత్నాలే కదా! ఆరింటికి 60. అదే 10 సెకన్ల చొప్పున 10 నిమిషాలు. గుణకారం కాస్తా కూడికగా మారిపోయింది. 115 రోజులు ఎక్కడ, 10 నిమిషాలు ఎక్కడ!

అంకెల తాళాలకూ ఇదే గతి. తర్వాత 1965లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న రిచర్డ్ ఫైన్‌మన్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో లాస్ అలమోస్‌లో అణుబాంబు ప్రయోగశాలలో పనిచేశాడు. రహస్య పత్రాలున్న బీరువాలకు 0 నుంచి 99 దాకా అంకెలున్న చక్రం, మూడు అంకెల రహస్యం. మళ్లీ పది లక్షలు! అంకెకు అటు రెండు, ఇటు రెండు తప్పినా తాళం ఒప్పుకుంటుందని ఆయన కనిపెట్టాడు. అంటే ఒక్కో చోట 100కు బదులు 20 ప్రయత్నిస్తే చాలు. 20ని మూడుసార్లు గుణిస్తే 8,000. పైగా తెరిచి ఉన్న బీరువా చక్రాన్ని, మాటల్లో ఉన్నట్టే ఉంటూ కదిపి, చివరి రెండు అంకెలు తెలుసుకునేవాడు. ఇక మిగిలింది 20 ప్రయత్నాలు.

ఇలాంటి లోపాలను బయట చెప్పవచ్చునా? 1851లోనే లండన్‌లో ఈ వాదం వేడిగా నడిచింది. దొంగలకు పాఠం చెప్పినట్టవుతుందని కొందరన్నారు. 1853లో చార్లెస్ టామ్లిన్‌సన్ సంపాదకత్వంలో తాళాల నిర్మాణంపై వెలువడిన పుస్తకం దీనికి జవాబిచ్చింది: దొంగలకు తమ వృత్తి ముందే తెలుసు, తెలియనిది తాళం కొనేవారికే. ఈ జవాబే సరైనదని మాకూ తోస్తుంది. హాబ్స్ నోరు మూసుకుని ఉంటే బ్రామా కప్ప ఇంకా ఎన్నాళ్లు కిటికీలో మురిసిపోతూ ఉండేదో! హాబ్స్ తెచ్చిన అమెరికా తాళం కూడా ఎక్కువకాలం నిలవలేదు. కొన్నేళ్లలోనే అమెరికాలో లైనస్ యేల్ దాన్ని తెరిచాడు. ఆ యేలే 1861, 1865లలో పిన్నుల తాళానికి పేటెంట్లు తీసుకున్నాడు. పూర్వం ఈజిప్టులో వాడిన కొయ్య తాళాలది కూడా ఇదే సూత్రం. ఈనాటి తలుపు తాళాలు చాలావరకు దాని సంతతే.

తాళాలు తెరవడాన్ని చదరంగంలా ఆడేవాళ్లు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు. 1997లో జర్మనీలోని హాంబుర్గ్‌లో వీరికొక సంఘం ఏర్పడింది. నెదర్లాండ్స్‌లోనూ ఉంది. గడియారం పెట్టుకుని పోటీలు జరుపుకుంటారు. వారి నియమాలు కఠినమైనవి: తాళం తనదై ఉండాలి, లేదా సొంతదారు ఒప్పుకోవాలి. వాడుకలో ఉన్న తాళాన్ని అసలే ముట్టుకోకూడదు, లోపలి స్ప్రింగు జారితే అసలు చెవి కూడా పనిచేయదు. స్కూలు ప్రయోగశాల తలుపు మీద చెయ్యి వేయడం ఈ ఆటలోకి రాదు! పాత ఇనుము కొట్లో దొరికే పాడైన కప్ప ఒకటి తెచ్చి, పెద్దవాళ్ల సాయంతో రివెట్లు ఊడదీసి, లీవర్లు లెక్కపెట్టి చూడండి. ముద్రలోని అంకెతో సరిపోయిందా?

ఇంతా చేసి, ఇంత ఓపిక ఉన్న దొంగలు అరుదు. కప్పను వదిలేసి గొళ్లెం పెకలించే దొంగకు లీవర్లు ఆరైనా పదైనా ఒకటే. అందుకే ఇనప్పెట్టెలు చేసే ఇంజనీర్లు ‘తెరవలేనిది’ అన్న మాట వాడరు, నిమిషాల్లో మాట్లాడతారు. అమెరికాలో పరీక్షించిన పెట్టెల మీద ‘టి.ఎల్-15’, ‘టి.ఎల్-30’ అనే గుర్తులుంటాయి. ఆరితేరిన నిపుణులు పనిముట్లతో తలుపు మీద పడితే అది ఎన్ని నిమిషాలు నిలవాలో ఆ అంకె చెబుతుంది. పనిముట్టు పెట్టె మీద పనిచేస్తున్న సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. నిపుణులు చెమట తుడుచుకునే సమయాన్ని కలపరు.