అభా కొండల్లో బండి: డిఫ్ లాక్ ఎంచుకోవడం ఎలా?

వారాంతంలో పిల్లాపాపలతో రిజాల్ అల్మా వైపో, తిహామా వాగుల్లోకో వెళ్ళే మన తెలుగువాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదండీ, మళ్ళీ డిఫ్ లాక్ ఎందుకు? పెట్టిస్తే ఏది మంచిది?" నాకు తెలిసినంతలో చెబుతాను.

అసలు సంగతి

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. అందుకు వీలిచ్చేది డిఫరెన్షియల్. చిక్కేమిటంటే అది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే రెండోదానికీ బలం అందదు. అలా ముందొకటి, వెనకొకటి ఊరికే తిరుగుతూ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా ఆగిపోవచ్చు.

మన ఊళ్ళో దమ్ము చేసే ట్రాక్టర్ గుర్తుందా? ఒక చక్రం బురదలో జారితే డ్రైవరు లాక్ పెడల్ తొక్కుతాడు. రెండు చక్రాలూ కలిసి తిరిగి ట్రాక్టర్ బయటపడుతుంది. డిఫ్ లాక్ పనీ అదే.

రకాలు

1. కంపెనీ లాక్: ల్యాండ్ క్రూయిజర్, పట్రోల్ వంటి బండ్లలో కొన్ని మోడళ్ళకు వస్తుంది. అన్నిటికంటే నిశ్చింత. పాత బండి కొంటుంటే మెత్తటి నేల మీద స్విచ్ వేసి, లాక్ నిజంగా పడుతోందో లేదో చూడండి.

2. గాలి లాక్: ఆస్ట్రేలియా వారి ఏఆర్‌బీ ఎయిర్ లాకర్ పేరున్నది. గట్టిది. కానీ కంప్రెసర్, గాలి గొట్టం కావాలి. గాలి కారితే లాక్ పడదు.

3. కరెంటు లాక్: ఈటన్ ఈలాకర్ లాంటివి. కంప్రెసర్ అక్కర్లేదు, వైర్లు, కనెక్టర్లు బాగుండాలి.

4. ఆటోమేటిక్: డెట్రాయిట్ లాకర్. స్విచ్ లేదు, వైరు లేదు, చెడిపోయేవి తక్కువ. అయితే మలుపుల్లో టక్కుమని చప్పుడు చేస్తుంది, తడి రోడ్డు మీద వెనక భాగం పక్కకు లాగవచ్చు. మంచు, వాన ఉండే అభా ఘాట్ రోడ్ల మీద కుటుంబంతో తిరిగేవారికి నేను చెప్పను.

నా సలహా

కంపెనీ లాక్ లేకపోతే ముందు వెనక ఇరుసుకు, స్విచ్‌తో పనిచేసేది పెట్టించండి. ముందు ఇరుసుకు వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆర్డరు ఇచ్చేముందు ఇరుసు రకం, షాఫ్టు పళ్ళు, గేర్ రేషియో సరిచూసుకోండి. బ్రాండు కంటే బిగింపు ముఖ్యం: గేర్ల మధ్య సందును డయల్ గేజితో కొలిచి బిగించే మెకానిక్ దగ్గరకే వెళ్ళండి. బీమా, వాహన తనిఖీ నిబంధనలు కూడా ముందే అడిగి తెలుసుకోండి.

అడ్డంకి రాకముందే, లో రేంజిలో, నెమ్మదిగా, తిన్నగా వెళ్తూ లాక్ వేయండి. దాటగానే తీసేయండి. తారు రోడ్డు మీద వేస్తే ఇరుసుకే ముప్పు.

చివరిగా ఒక్క మాట. పైన సరావత్ కొండల్లో వాన పడితే, మనమున్న చోట చినుకు లేకపోయినా వాగు ఒక్కసారిగా పొంగి వస్తుంది. ఆ నీటి ముందు ఏ లాకూ పనికిరాదు. మబ్బు కనిపిస్తే వాగులోకి దిగకండి. రెండో బండి తోడు లేకుండా వెళ్ళకండి.