మురుగు తూమును నీటి పోటుతో శుభ్రపరచుట

బిలాసపురము రైల్వే పట్టణము. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానమైనది. అందలి తార్‌బహార్ పేటలోను, చుట్టుప్రక్కల రైల్వే వాడలలోను తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. ఇట్టి పాతపేటలలో వానకాలము వచ్చినదన్న గృహిణులకు ఒకటే బాధ: తూములో పోసిన నీరు దిగదు.

దోషము తరచుగా వంటింటనే మొదలగును. వేడిగా పారబోసిన నేయి, వనస్పతి చల్లబడి గొట్టపు గోడలకు మైనమువలె అంటుకొనును. దానికి గంజి, వెంట్రుకలు, ఇసుక, ప్లాస్టిక్ సంచులు తగులుకొనును. నిలిచిన మురుగు క్యూలెక్సు దోమకు పుట్టినిల్లు. బోదకాలును వ్యాపింపజేయునది ఆ దోమయే. ప్రక్కనున్న మంచినీటి గొట్టమునకు చిల్లి యున్నచో, సరఫరా ఆగిన వేళ మురుగు అందులోనికి చొరబడును. అతిసారము, కామెర్లు ఆ దారినే ఇంటికి వచ్చును.

వెదురుబద్దతో పొడిచినచో అడ్డుకు రంధ్రము పడునే గాని జిడ్డు వదలదు. జెట్టింగు యంత్రము పద్ధతి వేరు. బండిపైనున్న పంపు, ఇంటి కుళాయికన్న ఎన్నో రెట్లు హెచ్చు ఒత్తిడితో నీటిని గొట్టములోనికి నెట్టును. గొట్టపు కొసనున్న లోహపు ముక్కునకు వెనుకకు తిరిగిన రంధ్రములుండును. నీరు వెనుకకు చిమ్మగా ముక్కు ముందుకు సాగును. తారాజువ్వ ఎగురుటయు ఇట్లే. దానిని మెల్లగా వెనుకకు లాగునపుడు ధారలు గోడలను గీకి, అడుసును పల్లమునకు తెచ్చును. కావున పని పల్లపు మ్యాన్‌హోలు వద్ద ఆరంభించవలెను. అచ్చట చేరిన అడుసును పీల్చి తీయకున్న, ఒక వీధి అడ్డు వేరొక వీధికి పోవును, అంతియే!

ఆ ధార చర్మమును కోయగలదు. గాయము సూదిపోటంత కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. పిల్లలను దూరముగ నుంచవలెను. బీటలువారిన పాత గొట్టములకు ఒత్తిడి తగ్గించవలెను.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి కలదు. మ్యాన్‌హోలులోని హైడ్రోజన్ సల్ఫైడు వాయువు మొదట కుళ్లిన గ్రుడ్ల వాసన వేయును. హెచ్చినకొలది ముక్కు ఆ వాసననే పసిగట్టలేదు. వాసన లేదని దిగినవాడు క్షణములలో కూలును, అతనిని కాపాడ దిగినవాడును కూలును. రక్షణ సాధనములు లేక మనిషిని మురుగులోనికి దింపుటను 2013నాటి చట్టము నిషేధించినది. ఇట్టి మరణమునకు పరిహారమును సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయలుగా నిర్ణయించి, 2023లో 30 లక్షలకు పెంచినది.

పెద్ద బండి పట్టని సందులకు హైదరాబాదు జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగు యంత్రములను ప్రవేశపెట్టినది. తార్‌బహార్ వంటి పేటలకు అక్కరకు వచ్చునవి అట్టివే. తూము పూడినపుడు కూలివానిని పిలువక నగరపాలక సంస్థకు తెలుపవలెను. మురుగు సమస్యలకై 2020లో ఏర్పడిన సహాయ సంఖ్య 14420.