చెవుడు: దాని వ్యాప్తియు, కారణములును

పైరునకు తెగులు సోకినచో రైతు ఆకురంగు చూచియే గుర్తించును. ఎద్దు మేత మానినచో నాడే పశువైద్యునికి కబురంపును. కాని తన చెవి మందగించిన సంగతిని అనేక సంవత్సరములు గడచిననుగాని యొప్పుకొనడు. ఒప్పుకొన్నను "వయసు వచ్చినది" అని యూరకుండును. చెవుడంతయు వయసువలననే వచ్చునది కాదనియు, అందు చాలభాగము నివారింపదగినదనియు సభ్యులకు తెలుపుటయే మా యుద్దేశము.

ఎందఱికి కలదు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదికనుబట్టి లోకమున 150 కోట్లకు పైగా జనులకు, అనగా ఇంచుమించు ఐదుగురిలో నొకరికి, ఎంతో కొంత వినికిడి లోపము కలదు. అందు 43 కోట్లమందికి అది పనికడ్డము వచ్చునంతటిది. మన దేశమున నూటికి సుమారు ఆరుగురికి చెప్పుకోదగిన లోపమున్నదని ఆ సంస్థయే యంతకుముందు అంచనా వేసినది. ఈ లెక్కను వేయిమంది యున్న పల్లెలో అఱువదిమంది యుందురు. మోర్తాడు చుట్టుప్రక్కల పల్లెలలో అంతమంది మన కంటబడకపోవుటకు కారణమేమి? వినబడనివాడు సంఘపు సమావేశమునకు రాడు. వచ్చినను నోరు మెదపడు. అంగడిలో ధర సరిగా వినబడకున్నను మరల నడుగుటకు సిగ్గుపడును.

కారణములు

మొదటిది, యంత్రముల రొద. లోపలి చెవిలో సుమారు పదునైదు వేల సూక్ష్మమైన రోమకణములు కలవు. ధ్వనిని మెదడునకు చేర్చునవి యివియే. ఎండిన పసుపుమొక్క దుంపనుండి మరల చిగుర్చును; చచ్చిన రోమకణము మరల మొలవదు. ధ్వనిని డెసిబెల్ అను కొలతతో కొలుతురు. 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు సహింపవచ్చును. 90 అయినచో 4 గంటలు మాత్రమే. గది లేని ట్రాక్టరుపై ధ్వని 90కి చేరుట సామాన్యము. నూర్పిడి యంత్రము, పసుపుకొమ్ములకు మెఱుగుపెట్టు డ్రమ్ము, గల్ఫు దేశములలో మనవారు పట్టు రాతిని తొలుచు యంత్రము — ఇవియు హానికరములే. చేరువనున్న మనిషితో గొంతెత్తి మాటాడవలసివచ్చినచో ఆ రొద చెవికి చేటని యెఱుంగుడు.

రెండవది, చీము. పిల్లలకు జలుబు ముదిరి చెవి కారుచుండగా ఆకుపసరు, నూనె పోయుదురు. దీనివలన రోగము ముదిరి వినికిడికి హాని కలుగును. అగ్గిపుల్ల, పిన్నీసులతో గులిమి తీయుటయు నంతే.

మూడవది, మందులు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి సూదిమందులు కొందఱి వినికిడిని చెఱచును. వైద్యుని యాజ్ఞ లేక వీనిని వేయించుకొనరాదు.

నాలుగవది, పుట్టుకతో వచ్చునది. అక్కకూతురిని, మేనమామ బిడ్డను పెండ్లాడుట మనలో వాడుక. ఒకే వంశమున దాగియున్న లోపము తలిదండ్రు లిరువురినుండియు బిడ్డకు సంక్రమించుట కిది వీలు కల్పించును. గర్భిణికి రుబెల్లా సోకుట, నెలలు నిండక పుట్టుట, పుట్టిన బిడ్డకు కామెఱ్ల ముదురుట, తట్టు, గవదబిళ్లలు కూడ కారణములే. బాల్యమున వచ్చు చెవుడులో నూటికి సుమారు అఱువది పాళ్లు నివారింపదగినవని పై సంస్థయే చెప్పుచున్నది.

చేయవలసినవి

యంత్రమునొద్ద చెవిబిరడాలు పెట్టుకొనుడు. గంటకొకసారి దూరముగా పోయి చెవికి విశ్రాంతి నిండు. బిడ్డలకు తట్టు, రుబెల్లా టీకాలు తప్పక వేయింపుడు. చప్పుడునకు తిరిగి చూడని పసిబిడ్డను "మాటలు ఆలస్యముగా వచ్చునులే" అని యుంచకుడు. ఆఱు మాసములలోపల చికిత్స మొదలైన బిడ్డ మాట నేర్చును. ఏండ్లు గడచినచో చెవితోపాటు మాటయు పోవును. ఇంతకంటె నష్ట మొకటి లేదు.

నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొనవచ్చును. సికింద్రాబాదు మనోవికాసనగరమున అలీ యావర్ జంగ్ పేర నున్న జాతీయ సంస్థ శాఖ కలదు. కేంద్రప్రభుత్వ పథకముక్రింద అర్హులైన బీదలకు వినికిడి యంత్రములు ఉచితముగా గాని తక్కువ వెలకు గాని లభించును.

మార్చి 3వ తేదీ ప్రపంచ వినికిడి దినము. మనకు పసుపు అమ్మకముల కాలము. విత్తనములు, ఎరువులు కలిసి కొనునట్లే సంఘసభ్యులు చెవిబిరడాలను గూడ కలిసి కొని, ఆ దినమున ఇంటింట పెద్దలను పిల్లలను పరీక్షకు పంపుదురుగాక యని మా మనవి.