బొమ్మలో దాగిన మాట

రహస్యాన్ని కాపాడటానికి రెండు దారులున్నాయి. పెట్టెలో పెట్టి తాళం వేయడం ఒకటి, అసలు పెట్టె ఉన్న సంగతే ఎవరికీ తెలియనివ్వకపోవడం రెండోది. మా బ్యాంకు వాళ్ళకు మొదటిదే అలవాటు. స్ట్రాంగ్ రూము ఎక్కడుందో అందరికీ తెలుసు, తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయన్నదే ముఖ్యం. రెండో విద్య పేరు స్టెగనోగ్రఫీ.

ఇది నిన్నమొన్నటిది కాదు. హిస్టియేయస్ అనే గ్రీకు పాలకుడు నమ్మకమైన బానిసకు గుండు చేయించి, తలపై కబురు పచ్చబొట్టుగా పొడిపించి, జుట్టు పెరిగాక పంపాడని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. (అంత అర్జెంటు కబురు కాదు కాబోలు!)

ఇప్పుడు తలకు బదులు ఫోటో వచ్చింది. కంప్యూటర్లో ఫోటో అంటే చుక్కల ముగ్గే. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు అంకెలుంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఆ అంకెను కంప్యూటరు ఎనిమిది బిట్లుగా, అంటే సున్నాలు, ఒకట్లుగా రాసుకుంటుంది. వాటిలో చివరిది మారిస్తే 200 కాస్తా 201 అవుతుంది, అంతే. లెడ్జర్లో ఒక్క పైసా తేడా వస్తే మేము రాత్రి దాకా కూర్చునేవాళ్ళం. కన్ను అంత గట్టి ఆడిటరు కాదు. ఆ చివరి స్థానాల్లో కబురును వరసగా పేర్చేస్తే సరి.

‘అమ్మ’ అన్న మాటకు నేటి యూనికోడ్ పద్ధతిలో 96 బిట్లు పడతాయి. చుక్కకు మూడు చొప్పున 32 చుక్కలు చాలు. పెళ్ళి ఫోటోలో లక్షల చుక్కలుంటాయి గనుక ఒక పుస్తకమే పట్టవచ్చు. అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోను అది కుదించేస్తుంది; ఆ కుదింపులో ఇలా దాచిన మాట చెదిరిపోతుంది.

విద్య మంచిదే, వాడేవాళ్ళే రకరకాలు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు ఒకరు 2018లో కంపెనీ టర్బైన్ల రహస్యాలను సూర్యాస్తమయం ఫోటో ఫైలులో దాచి, తన సొంత ఈమెయిలుకే పంపుకున్నారు. 2023లో రెండేళ్ళ జైలు పడింది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం 2014లో బయటపడ్డ ‘జూస్ వీఎం’ అనే దొంగ ప్రోగ్రాము. ఏయే బ్యాంకుల లావాదేవీలపై కన్నేయాలో ఆ జాబితాను అది ఒక ఫోటో ఫైలులోంచి తెచ్చుకునేది. కాపలా కాసేవాళ్ళకు ఫోటో వస్తున్నట్టే కనిపిస్తుంది గదా!

మరి పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలకు భయపడాలా? దాచిన మాట దానంతటది లేచి పనిచేయదు. దాన్ని చదివే ప్రోగ్రాము లోపల ఉండాలి. పైన చెప్పిన దొంగ ముందే కంప్యూటర్లో దూరి కూర్చున్నవాడు. కాబట్టి బొమ్మకన్నా, ఎవరో పంపిన యాప్‌ను ఫోనులో ఎక్కించుకోవడమే పెద్ద ప్రమాదం.

దాచినదాన్ని పట్టుకోవడానికి నిపుణులు చివరి బిట్ల లెక్కలు తీస్తారు. అసలు ఫోటో కూడా దొరికితే అంత శ్రమ లేదు, రెండింటినీ అంకెకు అంకె టాలీ చేస్తే తేడా తేలిపోతుంది. అందుకే ఆరితేరినవాడు తానే తీసిన ఫోటోను వాడి, అసలు ప్రతిని చెరిపేస్తాడు.