ఉదారవాదం అంటే దానం కాదు

రాజనీతి శాస్త్రం పుస్తకంలో 'ఉదారవాదం' అనే పాఠం పేరు చూసి మేము ఒక పొరపాటు పడ్డాం. ఉదారుడంటే ఉన్నది నలుగురికీ పెట్టేవాడు కదా, ఇది దానధర్మాల సిద్ధాంతం కాబోలు అనుకున్నాం. తీరా చదివితే సంగతి వేరు. లిబరలిజం అనే మాటకు మూలం లాటిన్ భాషలోని 'లిబెర్'. స్వేచ్ఛ గలవాడు అని దాని అర్థం. అంటే ఇది దానం గురించిన వాదం కాదు, స్వేచ్ఛ గురించిన వాదం. ఈ తేడా మన హాస్టలు విద్యార్థులకు ఎందుకు ముఖ్యమో నాలుగు మాటల్లో చెప్పదలచాం.

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలినట్లే ఈ వాదం కూడా రెండు పాయలుగా చీలింది. మొదటిది సంప్రదాయ ఉదారవాదం. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కులనీ, వాటిని కాపాడటానికే ప్రభుత్వం ఉందనీ 17వ శతాబ్దంలో జాన్ లాక్ చెప్పాడు. వ్యాపారంలో ప్రభుత్వం అనవసరంగా తలదూర్చకూడదని 1776లో ఆడం స్మిత్ వాదించాడు. ఒక్కడి అభిప్రాయమైనా సరే, దాని నోరు నొక్కకూడదని 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ రాశాడు. ఆ రోజుల్లో జనానికి రాజుల భయం, మతాధికారుల భయం ఎక్కువ. కనుక "మమ్మల్ని మా మానాన వదలండి" అన్నదే ఈ పాయ సారాంశం.

ఇది ఉన్నవాళ్ల వాదమేనని కొట్టిపారేయకూడదు. గుంటూరుకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు దళిత కుటుంబాన్ని కథకు కేంద్రంగా చేసి 'మాలపల్లి' నవల రాశారు. అది 1922లో వెలువడింది. నాటి మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. మన బతుకు గురించిన పుస్తకం మన చేతికి రావాలంటే ముందు భావప్రకటన స్వేచ్ఛ ఉండాలి. అది లేని చోట మొదట మూగబోయేది పేదవాడి గొంతే.

అయితే ఆ స్వేచ్ఛ ఒక్కటే చాలుతుందా? 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో ఈ ప్రశ్న వచ్చింది. ఆకలితో ఉన్న కార్మికుడు, ఫ్యాక్టరీ యజమాని ఒప్పందం కుదుర్చుకుంటారు. కాగితం మీద ఇద్దరూ స్వతంత్రులే. కానీ కార్మికుడు కాదంటే ఆ పూట పొయ్యి వెలగదు. అడ్డు లేకపోవడం మాత్రమే స్వేచ్ఛ కాదు, మంచి పని చేయగలిగే శక్తి ఉండటమే స్వేచ్ఛ అని ఆక్స్‌ఫర్డ్ అధ్యాపకుడు టి.హెచ్. గ్రీన్ వివరించాడు. ఇదే ఆధునిక ఉదారవాదం. చదువు, వైద్యం, కార్మిక రక్షణ ప్రభుత్వ బాధ్యత అన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది.

ఈ రెండు పాయలూ మన డెల్టాలోనూ పారాయి. పొన్నూరు పక్కనున్న నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా గారు 1930లలో రైతుల పక్షాన నిలిచి, జమీందారీల రద్దు కోసం ఉద్యమించారు. అప్పుడు ప్రభుత్వం కలగజేసుకోవాలన్నారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానించినప్పుడు మాత్రం రైతు భూమి జోలికి రావద్దని ఎదురుతిరిగారు. రాజాజీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. రైతుకు తన చెక్క మీద హక్కు ఉండాలన్న ఆయన పట్టుదలలో న్యాయం ఉంది. కానీ సెంటు భూమి కూడా లేని కూలీకి ఆస్తి రక్షణ వల్ల ఒరిగేదేమిటి? పైగా ఆ రైతు పొలానికి పారే నీరు 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట చలవ. అది ప్రభుత్వం కట్టిందే. కాలువ నీటిని ఎవరూ దానం అనరు. మరి హాస్టలును ఎందుకనాలి?

ఈ పేచీ న్యాయస్థానానికీ వెళ్లింది. అప్పట్లో కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను ప్రతి 14కి ఇంతని వర్గాలవారీగా పంచే కమ్యూనల్ జీవో అమలయ్యేది. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. బలహీన వర్గాల చదువుపై శ్రద్ధ వహించమనే 46వ అధికరణ ఆదేశిక సూత్రమే కాబట్టి, అది ప్రాథమిక హక్కును దాటలేదని చెప్పింది. రెండు నెలలకే మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) వచ్చి చేరింది. వెనుకబడిన వర్గాలకూ, షెడ్యూల్డు కులాలు, తెగలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి అది దారి తీసింది.

"మీకేం, అన్నీ ఊరికే ఇస్తారు" అనే మాట కాలేజీలో మనలో చాలామంది విన్నదే. వినగానే తల దించుకున్న వాళ్లమూ ఉన్నాం. విజయవాడలో చదువుకోవద్దని మనల్ని ఏ చట్టమూ ఆపడం లేదు. కానీ అద్దె గదికి వెళ్తే ముందు కులం అడిగేవాళ్లున్నారు. అడగని చోట అడ్వాన్సు కట్టే స్తోమత మన ఇళ్లల్లో లేదు. చట్టం ఇచ్చిన స్వేచ్ఛకూ, మన చేతికందిన స్వేచ్ఛకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని పూడ్చేదే ఈ హాస్టలు. అది ఒకరి ఔదార్యం కాదు.

కాబట్టి రెండు పాయలూ మనకు కావాలి. భోజనాల గదిలో కంచం ముందు కూర్చోగలగడం రెండో రకం స్వేచ్ఛ. చారు మరీ నీళ్లగా ఉందని భయం లేకుండా చెప్పగలగడం మొదటి రకం స్వేచ్ఛ. దానం పుచ్చుకున్నవాడు చారు గురించి మాట్లాడడు, హక్కు ఉన్నవాడే మాట్లాడతాడు. వచ్చే ఏడు ఈ గదుల్లోకి రాబోయే తమ్ముళ్లు ఆ మాట తల ఎత్తి, మర్యాదగా చెప్పడం నేర్చుకోవాలని మా కోరిక.