చీపురు ఒకటే... జీతాలే వేరు

తిరుమల కొండకు తొలిమెట్టు అలిపిరి. ఆ మెట్ల మీద రోజూ నడుం వంచే పారిశుద్ధ్య కార్మికుల ప్రశ్న చాలా చిన్నది: మా యజమాని ఎవరు?

తెల్లవారుజాము. పాదాల మండపంలో భక్తులు స్వామివారి పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తుంటారు. మొక్కున్న ఆడవాళ్లు మెట్టుమెట్టుకూ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ వంగిన నడుం ఎత్తకుండా పైకి సాగుతారు. వాళ్ల వెనకాలే ఇంకొకరు కూడా నడుం వంచే ఉంటారు. కర్పూరం మసి, కొబ్బరి పీచు, కాగితం కప్పులు, వాడిన పూలు ఊడ్చుకుంటూ వస్తారు. మొత్తం 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దారి. భక్తులు ఒకసారి ఎక్కి మొక్కు తీర్చుకుంటారు. వీళ్లకది రోజువారీ డ్యూటీ.

ఎక్కడ పని చేస్తున్నారని అడిగితే 'కొండలో' అంటారు. చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాటకున్న గౌరవం అంతా ఇంతా కాదు. జీతం ఎవరిస్తారని అడిగితే మాత్రం ఏజెన్సీ పేరు చెప్పాలి. టెండరు మారితే ఆ పేరూ మారుతుంది. ఊడ్చే మెట్లు అవే, ఊడ్చే చేతులు అవే. పదేళ్లు పనిచేసినా కొత్త కాంట్రాక్టరు రికార్డులో కొత్త మనిషే.

తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) 2025-26 బడ్జెట్ రూ.5,258.68 కోట్లు. ఇంత పెద్ద సంస్థలో శాశ్వత ఉద్యోగుల కంటే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందే ఎక్కువ. వసతి గదులు, క్యూ కాంప్లెక్సులు, మరుగుదొడ్లు, రోడ్లు, నడకదారులు... కొండ శుభ్రంగా ఉందని భక్తులు మెచ్చుకునే ప్రతిచోటా వీళ్ల చెమట ఉంది.

కార్పొరేషన్ వచ్చినా...

మధ్యవర్తి ఏజెన్సీల బెడద తీర్చేందుకని దేవస్థానమే శ్రీలక్ష్మీ శ్రీనివాస మ్యాన్‌పవర్ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసింది. ఏజెన్సీల కింద ఉన్నవారిని అందులోకి తీసుకోవడం మొదలుపెట్టింది. కార్మికుల్లో ఆశ పుట్టింది, దాంతోపాటే కొత్త చీలికా పుట్టింది. కొందరు కార్పొరేషన్ మనుషులయ్యారు. మరికొందరు ఏజెన్సీల కిందే మిగిలిపోయారు.

అలా మిగిలిన ఎఫ్ఎంఎస్ (ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ సర్వీసెస్) పారిశుద్ధ్య కార్మికులు 2021 చివర్లో తిరుపతిలోని టీటీడీ పరిపాలన భవనం ఎదుట రోజుల తరబడి కూర్చున్నారు. తమనూ కార్పొరేషన్‌లో కలపాలన్నదే వాళ్ల ప్రధాన కోరిక. 2023 ఏప్రిల్‌లో తిరుమలలో సులభ్ సంస్థ కింద పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు చీపుర్లు పక్కన పెట్టారు. వాళ్లు అడిగింది కూడా అదే. కొండ మీద చెత్త పేరుకుపోకుండా అధికారులు బయటి నుంచి మనుషులను తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ మరుసటి నెలే 'సుందర తిరుమల - శుద్ధ తిరుమల' పేరుతో అధికారులు, ఉద్యోగులు, సేవకులు దారుల వెంట చెత్త ఏరారు. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ కూడా ఆ కార్యక్రమంలో పాల్గొన్నారు. ఒకపూట చెత్త ఏరితే సేవ అయింది, పత్రికల్లో ఫొటో పడింది. ఏళ్ల తరబడి అదే పని చేస్తున్నవాళ్లకు మాత్రం అప్పటికీ టైంస్కేల్ జీతం లేదు.

పోరాటం ఊరికే పోలేదు. 2023 డిసెంబరులో పాలకమండలి పారిశుద్ధ్య కార్మికుల వేతనాన్ని రూ.12,000 నుంచి రూ.17,000కు పెంచింది. ఒక్కసారిగా 5,000 పెరగడం చిన్న ఊరట కాదు. అయితే పన్నెండు వేలతో అంతకుముందు వాళ్లు ఇల్లు ఎలా నడిపారన్న ప్రశ్న కూడా ఆ పెంపుతోనే బయటపడింది.

గేటుకు అటూ ఇటూ

అలిపిరి గేటుకు ఇవతల తిరుపతి నగరం. ఇక్కడ ఊడ్చేది మున్సిపల్ కార్మికులు. 2022 జులైలో రాష్ట్రమంతటా వాళ్లు సమ్మె చేసి, రూ.15,000 వేతనానికి రూ.6,000 ఆరోగ్య భత్యం కలిపి రూ.21,000 సాధించుకున్నారు. సమాన పనికి సమాన వేతనం కావాలంటూ 2023 డిసెంబరు 26న మళ్లీ సమ్మెకు దిగారు.

అంటే ఆ చలికాలంలో గేటుకు ఇవతల చీపురుకు 21 వేలు, అవతల 17 వేలు. దుమ్ము ఒకటే, ఎండ ఒకటే, నడుంనొప్పి ఒకటే. శాశ్వత ఉద్యోగి జీతంతో పోలిస్తే ఈ రెండూ తక్కువే.

తక్కువ జీతాలకు తోడు అవమానాలూ ఉన్నాయి. భక్తులు తలనీలాలు ఇచ్చే కల్యాణకట్టలో పీస్‌రేటు క్షురకులకు గుండుకింత అని లెక్కగట్టి ఇచ్చేవారు. భక్తులు సంతోషంగా చేతిలో పెట్టే పదో ఇరవయ్యో తీసుకుంటున్నారంటూ విజిలెన్స్ సిబ్బంది చేస్తున్న తనిఖీలు తమను అవమానిస్తున్నాయని 2022లో వాళ్లు కత్తులు పక్కన పెట్టి నిరసన తెలిపారు. జీతం తక్కువైతే ఎలాగో సర్దుకునే మనిషి, దొంగను చూసినట్టు చూస్తే ఓర్చుకోలేడు.

చట్టం ఏమంటోంది?

శాశ్వత ఉద్యోగి చేసే పనినే కాంట్రాక్టు కార్మికుడూ చేస్తుంటే వేతనమూ సమానంగా ఉండాలని 1971 నాటి కాంట్రాక్టు లేబర్ కేంద్ర నియమాలు చెప్పాయి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం చెప్పింది. 2016 అక్టోబరులో జగజీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తాత్కాలిక ఉద్యోగులకూ సమాన వేతన సూత్రం వర్తిస్తుందని తేల్చింది. మరి చిక్కెక్కడ? ఉన్న పనికి శాశ్వత పోస్టులే తీసేస్తే పోల్చుకోవడానికి మనిషే ఉండడు. పైగా పర్మినెంటు అడిగిన ప్రతిసారీ, తాత్కాలికంగా చేరినవారికి క్రమబద్ధీకరణ హక్కు కాదన్న 2006 నాటి సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పును అడ్డం పెడుతూ వచ్చారు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఒకటి, సంస్థ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంటుంది. కానీ అదే కోడ్ పారిశుద్ధ్యాన్ని, కాపలాను, క్యాంటీన్‌ను సాధారణంగా ప్రధాన పనుల లెక్క నుంచి తప్పించింది. లక్షల పాదాలు నడిచే కొండకు శుభ్రత పక్కపని ఎలా అవుతుంది? ఒక్క రెండురోజులు చీపురు ఆగితే కొండ పరిస్థితేమిటో అందరికంటే ముందు తెలిసేది దేవస్థానానికే.

కార్మికులకు ఊతమిచ్చే మాట కూడా ఢిల్లీ నుంచే వచ్చింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చి, తుడిచి, తోటపని చేసినవారిని తీసేస్తే, 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి తీసుకుని క్రమబద్ధీకరించాలని ఆదేశించింది. శాశ్వత స్వభావం ఉన్న పనులకు ఏళ్ల తరబడి తాత్కాలిక ముద్ర వేయడాన్ని తప్పుపట్టింది. ఉమాదేవి తీర్పును కార్మికుల మీద కత్తిలా వాడొద్దన్నది ఆ తీర్పు సారం. పనిలో వాళ్లు అలిపిరి మెట్లు ఊడ్చేవాళ్లకు సాటివారే.

సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లు చీపుర్లు అప్పజెప్పి బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడతారు. నెల మొదటి వారమైతే అందరి చేతుల్లోనూ ఫోన్లే. జీతం పడిందా, పీఎఫ్ కోత ఎంత అని ఒకరినొకరు అడుగుతుంటారు. చదువు రానివాళ్లు పక్కవాళ్ల చేత మెసేజీ చదివించుకుంటారు. వెనక గోపురం మీద లైట్లు వెలుగుతాయి. వాళ్లు నమస్కారం పెట్టుకుని బస్సెక్కుతారు. మెడలోని గుర్తింపు కార్డు మీద ఈ ఏడాది కాంట్రాక్టరు పేరు ఉంటుంది.