ఫొటో దిగాక మళ్లీ ఎవరొస్తారు?

కోఠీలోని ఉస్మానియా మెడికల్ కాలేజీ నుంచి బాలాపూర్ పట్టుమని పదిహేను కిలోమీటర్లుండదు. మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు అక్కడ టార్పాలిన్ గుడిసెల్లో ఏళ్ల తరబడి బతుకుతున్నాయి. గ్లోబల్ హెల్త్ క్లబ్బు పెట్టాలని ఉబలాటపడే వైద్య విద్యార్థి జెనీవా దాకా పోనక్కర్లేదు.

హైదరాబాద్‌కు ప్రపంచం కొత్తేమీ కాదు. మత్తుమందుగా క్లోరోఫాం ఎంత భద్రమో తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాద్ కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి డాక్టరు లాడర్ బ్రంటన్ వచ్చారు. ఈ నగరంలోనే చదివిన రూపాబాయి ఫుర్దూంజీ మత్తు డాక్టరుగా పనిచేసిన తొలి మహిళల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు.

క్లబ్బు తరఫున ఆదివారం క్యాంపు పెట్టడం తేలికే. బ్యానరు, రెండు బీపీ మిషన్లు, గ్లూకోమీటరు, సాయంత్రం గ్రూప్ ఫొటో. పాతబస్తీలో చాంద్రాయణగుట్ట వైపు ఏ గల్లీలోనో ఒక ఖాలా బీపీ 180/110 చూపిస్తుంది. ‘గోలీలు వేసుకుంటున్నారా?’ అంటే ప్లాస్టిక్ కవరు విప్పి ఖాళీ స్ట్రిప్పు చేతిలో పెడుతుంది. గోలీలు అయిపోయి నెలైంది. అసలు పని అక్కడే మొదలవుతుంది. ఆమెను ఆరోజే డాక్టరుకు చూపించాలి. ఇకపై గోలీలు బస్తీ దవాఖానాలో దొరికేలా చూసి, ఆశా వర్కర్‌కు ఇల్లు చూపించాలి. వారం తిరక్కుండా మళ్లీ ఆ తలుపు తట్టాలి. ఆ తట్టేది ఎవరో క్యాంపుకు ముందే తేల్చనివాళ్లు క్యాంపు పెట్టకపోవడమే మేలు.

టీబీదీ ఇదే కథ. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు వాడాలి. ఆ మధ్యలో ఇంటర్నల్స్ వస్తాయి, దసరా సెలవులొస్తాయి, సీనియర్లు హౌస్ సర్జన్లైపోతారు. రోగి గోలీకి మాత్రం సెలవు లేదు. పోషణ కోసం ప్రభుత్వమిచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలైంది. అది ఖాతాలో పడిందా లేదా కనుక్కునే మనిషి కావాలి. క్లబ్బు ప్రెసిడెంటుకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే: నువ్వు దిగిపోయిన మర్నాడు నీ రిజిస్టరు చదివి ఫస్టియర్ పిల్ల ఆ ఇల్లు వెతుక్కోగలదా?

బాలాపూర్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. ఆ కుటుంబాలకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డే పెద్ద ఆసరా. వాళ్ల ముఖాలు ఇన్‌స్టాగ్రాంలో పెట్టే హక్కు ఎవరికీ లేదు. తల్లి నెలసరి బాధను పదేళ్ల కొడుకు చేత ఉర్దూలో చెప్పించడం ఘోరం. వాళ్ల భాష తెలిసిన ఆడమనిషిని తోడు తీసుకెళ్లాలి.

రిజిస్టరు విలువ వరదల్లో తెలుస్తుంది. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలోని అల్ జుబైల్ కాలనీ మునిగింది. కొద్దిరోజులకే గుర్రం చెరువుకు గండిపడి హఫీజ్ బాబానగర్‌ను నీళ్లు ముంచెత్తాయి. అలాంటప్పుడు అన్నం పొట్లాలు పంచేవాళ్లకు కొదవుండదు. ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో, ఎవరికి డయాలసిస్ తప్పదో, ఎవరి ఇన్సులిన్ ఫ్రిజ్‌తోపాటు పాడైందో చెప్పగలిగేది నెలనెలా ఆ గల్లీ తిరిగిన రిజిస్టరే.

2021-22 నుంచి ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుకుంటూ చూసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ నియమం పెట్టింది. మంచి పద్ధతి. పాతబస్తీ గల్లీలను, బాలాపూర్ గుడిసెలను కూడా ఆ లెక్కలో చేర్చమని కాలేజీలను గట్టిగా అడగాల్సింది ఈ క్లబ్బులే.